పాలపన్నుకు సిమెంటు పెట్టే ముందు గుంతను మందుతో కడగాలా? తల్లిదండ్రులకు తెలియాల్సిన సంగతులు

"ఊడిపోయే పన్నే కదా సార్, దానికి ఫిల్లింగ్ ఎందుకు?" తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా పిల్లల పండ్ల డాక్టరు గది బయట కాసేపు కూర్చుంటే ఈ మాట చెవిన పడుతుంది. ఉర్దూ మాట్లాడే ఇళ్లల్లో దాదీలు, నానీలు ఇదే మాటను "దూద్ కే దాంతాఁ హైఁ, గిర్ జాతే" అని తేల్చేస్తారు. పిల్లోడు రాత్రంతా ఏడ్చి, చెంప వాచిన తర్వాతే ఆటో ఎక్కిస్తారు.

ఇప్పుడు దానికి తోడు మరో సందేహం వచ్చి చేరింది. "పుచ్చు తీసి, మందుతో కడిగి, ఆ తర్వాత సిమెంటు పెడతాం" అని డాక్టరు చెబుతారు. కొన్నిచోట్ల లేజర్‌తో క్రిములు చంపుతామనీ, దానికి వేరే చార్జీ అనీ అంటారు. ఆ మందు ఏమిటి? పిల్లలకు మంచిదేనా? అది లేకపోతే ఫిల్లింగ్ నిలవదా? అడగాలని ఉన్నా చాలామంది అడగలేక బిల్లు కట్టి వచ్చేస్తారు.

ఊడిపోయే పన్నే, కానీ ఎప్పుడు?

పాలపండ్లు మొత్తం 20. ఆరో నెల అటూఇటుగా మొదలై, రెండున్నర మూడేళ్లకు అన్నీ వచ్చేస్తాయి. ముందుపండ్లు ఆరేడేళ్లకు ఊడతాయి. నమిలే దవడపండ్లు మాత్రం 10 నుంచి 12 ఏళ్ల దాకా ఉండాలి. అంటే నాలుగేళ్ల పాపకు దవడపన్ను పుచ్చితే, ఆ పన్నుతో ఆమెకు ఇంకా ఆరేడేళ్ల పని ఉంది. అన్నం నమలాలి, మాట స్పష్టంగా రావాలి, కింద నుంచి వచ్చే శాశ్వత పన్నుకు చోటు కాపాడాలి. దవడపన్ను ముందే పోతే పక్కపండ్లు ఆ సందులోకి ఒరుగుతాయి. రేపు వచ్చే పన్ను వంకరగా వస్తుంది. అప్పుడు క్లిప్పుల ఖర్చు.

పాలపన్ను పైపొర, అంటే ఎనామిల్, పెద్దల పన్నులో ఉండేదానికంటే బాగా పలచన. లోపల నరం ఉండే గది మాత్రం పెద్దది. అందుకే పైన చిన్న నల్లచుక్కలా కనిపించిన పుచ్చు కొద్ది నెలల్లోనే నరం దాకా పోగలదు. నరానికి చీము పడితే జ్వరం, వాపు. ఆ చీము కింద తయారవుతున్న శాశ్వత పన్నును కూడా దెబ్బతీయవచ్చు.

ఇది ఒకటి రెండు ఇళ్ల సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో 51 కోట్లకు పైగా పిల్లలకు పాలపండ్లలో పుచ్చు ఉంది. మన దేశంలో 2002-03లో జరిగిన జాతీయ దంత ఆరోగ్య సర్వేలో అయిదేళ్ల పిల్లల్లో సుమారు సగం మందికి పిప్పిపండ్లు కనిపించాయి.

పురుగు లేదు, ఉన్నది బ్యాక్టీరియా

"పంటికి పురుగు పట్టింది", "దాంత్ కూ కీడా లగ్యా" అనే మాటలు ఇప్పటికీ వింటాం. పొగ పట్టించి పంటిలోంచి పురుగు రాల్చామని చూపించేవాళ్లు ఒకప్పుడు సంతల్లో కనిపించేవాళ్లు. పంటిలో పురుగు ఉండదని ఫ్రాన్స్ దంతవైద్యుడు పియర్ ఫోషార్ 1728లోనే రాశాడు. నోటిలోని సూక్ష్మక్రిములు తీపిని పులియబెట్టి ఆమ్లం తయారు చేస్తాయనీ, ఆ ఆమ్లమే పన్నును కరిగిస్తుందనీ 1890లో విల్లబీ మిల్లర్ వివరించాడు. 1924లో కిలియన్ క్లార్క్ పుచ్చుపండ్ల నుంచి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బ్యాక్టీరియాను వేరుచేశాడు. పుచ్చు పెంచే క్రిముల్లో ముఖ్యమైనది ఇదే. అయితే అది ఒక్కటే కాదు.

లెక్క సులభం. బ్యాక్టీరియా ఉండాలి, దానికి తీపి అందాలి, కొంత సమయం దొరకాలి. ఈ మూడూ కలిస్తే పన్ను కరుగుతుంది. వైద్యం కూడా ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని తెంచే పనే.

పుచ్చు తీశాక ఇంకా క్రిములెక్కడివి?

ఎనామిల్ కింద ఉండే పొరను డెంటిన్ అంటారు. అది గట్టి రాయిలా ఉండదు. దానిలో కంటికి కనపడని సన్నటి గొట్టాలు వేలల్లో ఉంటాయి. అవి నరం వైపు పోతాయి. పుచ్చు పట్టినప్పుడు పైన ఉన్న డెంటిన్ మెత్తగా, తడిగా, పెరుగుముద్దలా అవుతుంది. దాన్ని చిన్న చెంచాలాంటి పరికరంతోనో, మిషన్‌తోనో డాక్టరు తీసేస్తారు. దాని కింద తోలులా కాస్త గట్టిగా ఉన్న పొర ఉంటుంది. అందులో క్రిములు తక్కువ. ఆ పొర మళ్లీ గట్టిపడే అవకాశం ఉంది.

ఒకప్పుడు ఆ పొర కూడా మొత్తం గీకేసి, తెల్లటి గట్టి పన్ను కనిపించేదాకా తవ్వేవారు. పాలపన్నులో అలా తవ్వితే నరం బయటపడే ప్రమాదం ఎక్కువ. అందుకే ఇప్పుడు నరానికి దగ్గరున్న చోట కొంత తోలులాంటి పొరను ఉంచేసి, అంచుల దగ్గర మాత్రం పూర్తిగా శుభ్రం చేయడం మంచిదని నిపుణులు చెబుతున్నారు. 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఇదే సూచన చేసింది.

ఇక్కడే ప్రశ్న మొదలవుతుంది. కొంత పొర ఉంచితే కొన్ని క్రిములు కూడా ఉండిపోతాయి. డ్రిల్ చేసినప్పుడు గుంత గోడలకు అంటుకునే సన్నటి పొడి పూతలోనూ ఉంటాయి. వాటి మీద సిమెంటు పెడితే లోపల మళ్లీ పుచ్చు పెరగదా? ఆ భయంతోనే ఫిల్లింగ్‌కు ముందు గుంతను క్రిమినాశక మందుతో తుడవడం మొదలైంది.

ఏయే మందులు వాడతారు?

ఎక్కువగా వాడేది క్లోర్‌హెక్సిడిన్. చిగుళ్ల జబ్బుకు ఇచ్చే మౌత్‌వాష్‌లో, గాయాలు కడిగే కొన్ని లోషన్లలో ఉండేది ఇదే. గుంత కోసం సాధారణంగా 2 శాతం ద్రావణాన్ని చిన్న దూదితో అర నిమిషం నుంచి నిమిషం దాకా అద్ది, ఆరబెడతారు. ఇది క్రిములను చంపడంతో పాటు, డెంటిన్‌లోని కొల్లాజెన్‌ను తినేసే కొన్ని ఎంజైములను కూడా కొంతకాలం అడ్డుకుంటుంది. పంటి రంగు కాంపోజిట్ ఫిల్లింగ్ పట్టు వదలకుండా ఉండేందుకు అది పనికొస్తుందని ఒక ఆశ.

రెండోది సోడియం హైపోక్లోరైట్. రూట్ కెనాల్‌లో వాడే మందు. క్రిములను గట్టిగా చంపుతుంది. కానీ డెంటిన్‌లోని కొల్లాజెన్‌ను కరిగిస్తుంది, ఆక్సిజన్ వదులుతుంది. దానివల్ల కొన్నిరకాల ఫిల్లింగుల పట్టు తగ్గవచ్చు. ఏ సిమెంటు పెట్టబోతున్నారో చూసుకొని వాడాల్సిన మందు ఇది.

మూడోది సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. దీని సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఇవి కాక ఓజోన్ వాయువు, లేజర్, కలబంద, తేనెటీగల జిగురు, మిస్వాక్ సారం వంటివాటిపైనా పరిశోధనలు జరిగాయి. వాటిలో చాలావరకు ప్రయోగశాలల్లో, ఊడిన పండ్ల మీద చేసినవే.

మరి నిజంగా లాభం ఉందా?

పరిశోధనల్లో రెండు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి. మందు పూశాక గుంతలో క్రిములు తగ్గుతాయా? తగ్గుతాయి, ఇందులో పెద్ద వివాదం లేదు. మరి క్రిములు తగ్గిన ఆ పన్ను ఎక్కువ ఏళ్లు నొప్పి లేకుండా, ఫిల్లింగ్ ఊడకుండా నిలుస్తుందా? తల్లిదండ్రులకు కావాల్సింది రెండో ప్రశ్నకు జవాబు. దానికి బలమైన ఆధారాలు ఇంకా తక్కువగానే ఉన్నాయి. క్లోర్‌హెక్సిడిన్ పూయడం వల్ల ఫిల్లింగ్ పట్టు పెద్దగా చెడదు కాబట్టి, చాలామంది డాక్టర్లు "నష్టం లేదు, నిమిషం పని" అని వాడతారు. అది తప్పు కాదు. కానీ అది వేయకపోతే వైద్యం చెడిపోయినట్టు కూడా కాదు.

ఎందుకంటే లోపల మిగిలిన క్రిములను ఓడించడానికి మరో దారి ఉంది. అది తిండి ఆపేయడం. గుంతను గాలి, ఉమ్మి చొరబడకుండా గట్టిగా మూసేస్తే లోపలి బ్యాక్టీరియాకు తీపి అందదు. అవి చాలావరకు చస్తాయి, మిగిలినవి నిద్రపోయినట్టు పడి ఉంటాయి. పుచ్చు ముందుకు పోదు.

దీనికి గట్టి నిదర్శనం స్కాట్లాండ్ నుంచి వచ్చింది. అక్కడ నోర్నా హాల్ అనే డాక్టరు పుచ్చును తవ్వకుండానే, సూది ఇవ్వకుండానే పాలదవడపండ్లకు స్టీలు క్యాపులు తొడిగేవారు. ఆ పద్ధతినే ఇప్పుడు హాల్ టెక్నిక్ అంటున్నారు. 132 మంది పిల్లలతో జరిగిన పరీక్షలో అయిదేళ్ల తర్వాత చూస్తే, మామూలు ఫిల్లింగులు చేసిన పండ్లలో 16.5 శాతం నరం దెబ్బతినడం వంటి పెద్ద సమస్యలకు దారితీశాయి. క్యాపు తొడిగినవాటిలో అది 3 శాతమే. క్రిములను మందుతో చంపలేదు, గట్టిగా మూశారంతే.

అయితే ఏ వైద్యమైనా అద్భుతాలు చేయదని చెప్పే అధ్యయనం కూడా ఉంది. బ్రిటన్‌లో మూడు నుంచి ఏడేళ్ల వయసున్న, అప్పటికే పుచ్చు ఉన్న 1,144 మంది పిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు ఫిల్లింగులు, ఇంకో గుంపుకు పుచ్చును మూసేసే పద్ధతులు, మూడో గుంపుకు నివారణ మాత్రమే. దాదాపు మూడేళ్లు చూశారు. మూడు గుంపుల్లోనూ సుమారు ప్రతి అయిదుగురిలో ఇద్దరికి నొప్పో, చీమో వచ్చింది. గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పుచ్చు ఒకసారి మొదలయ్యాక పరుగెత్తి పట్టుకోవడం కష్టమని దీని సారాంశం.

నల్లబడే మందు సంగతి

సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ 1960ల చివర్లో జపాన్‌లో తయారైంది. ఇందులోని వెండి క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడిన పన్నును గట్టిపరుస్తుంది. డ్రిల్ అక్కర్లేదు, సూది అక్కర్లేదు. చుక్క మందు పూస్తే చాలు. కుర్చీ మీద కూర్చోబెడితేనే కేకలు పెట్టే మూడేళ్ల పిల్లలకు ఇది పెద్ద ఊరట. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని, గ్లాస్ అయనోమర్ సిమెంటును అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

ఇబ్బంది ఒకటే. పుచ్చు ఉన్న చోటు శాశ్వతంగా నల్లగా అయిపోతుంది. దవడపన్నులో అయితే ఎవరికీ కనపడదు. ముందుపన్నులో అయితే నవ్వినప్పుడల్లా కనిపిస్తుంది. అందుకే మందు పూసే ముందే డాక్టరు ఫొటో చూపించి, తల్లిదండ్రుల ఒప్పుదల తీసుకోవాలి. చెప్పకుండా పూస్తే ఇంటికొచ్చాక గొడవే. వెండి పడని పిల్లలకు, నరం దాకా పోయి చీము పట్టిన పన్నుకు ఇది పనికిరాదు. ఒక్కసారితో సరిపోదు, కొన్ని నెలలకోసారి చూపించుకోవాలి.

కొందరు డాక్టర్లు ముందు దీన్ని పూసి, తర్వాత గ్లాస్ అయనోమర్ సిమెంటు పెడతారు. గుంతను శుభ్రం చేయడం, పుచ్చును ఆపడం, మూసేయడం మూడూ కలిసి వస్తాయి. ఆ సిమెంటును బ్రిటన్‌లో విల్సన్, కెంట్ అనే శాస్త్రవేత్తలు తయారు చేసి 1972లో ప్రకటించారు. అది పన్నుకు తనంతట అంటుకుంటుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ వదులుతుంది. 1980ల నడుమ టాంజానియాలో కరెంటు లేని పల్లెల్లో చేతి పరికరాలతోనే పుచ్చు తీసి సిమెంటు పెట్టే పద్ధతి ఇలాగే పుట్టింది.

బిల్లు కట్టే ముందు అడగాల్సినవి

పాలపన్ను ఫిల్లింగ్ నిలవాలంటే అన్నిటికంటే ముఖ్యం పన్ను పొడిగా ఉండటం. మందుతో ఎంత బాగా కడిగినా, సిమెంటు పెట్టేలోపు నాలుక తగిలి ఉమ్మి చేరితే ఆ శ్రమంతా వృథా. దూది ఉండలో, రబ్బరు షీటో పెట్టి తడి లేకుండా చూడటం, అంచులు శుభ్రం చేయడం, రెండు పండ్ల మధ్య పెద్ద గుంత ఉంటే ఫిల్లింగ్‌కు బదులు క్యాపు తొడగడం లాంటివి లేజర్ కంటే ఎక్కువ పనికొస్తాయి.

కాబట్టి తల్లిదండ్రులు మొహమాటం లేకుండా అడగొచ్చు. పుచ్చు నరం దాకా పోయిందా, ఎక్స్‌రే తీశారా? ఏ మందుతో కడుగుతున్నారు, పన్ను నల్లబడుతుందా? ఏ సిమెంటు, ఎన్నాళ్లు నిలుస్తుంది? లేజర్‌కు వేరే డబ్బు తీసుకుంటే, మామూలు పద్ధతి కంటే దానివల్ల ఈ పన్నుకు వచ్చే లాభం ఏమిటి? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. పిల్లలకు ఏదైనా మందు పడకపోతే అది ముందే చెప్పాలి. అరుదుగానైనా క్లోర్‌హెక్సిడిన్ కూడా కొందరికి పడదు.

ఇంకో మాట. రాత్రి నిద్రలేపే నొప్పి, చిగురు మీద చీము పొక్కు, చెంప వాపు, పన్ను కదలడం ఉంటే గుంతను మందుతో కడిగి మూసే దశ దాటిపోయినట్టే. అప్పుడు నరానికి వైద్యం చేయాలి, లేదా పన్ను తీసేయాలి. మొదట్లోనే సిమెంటు పెట్టించి ఉంటే వందల్లో పోయే ఖర్చు అప్పుడు వేలల్లోకి పోతుంది. వాపుతో పాటు జ్వరం, కన్ను మూసుకుపోవడం, మింగలేకపోవడం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో చేయకూడనివి

గాయాలు కడిగే లోషన్‌ను దూదితో పిల్లల పంటిలో పెట్టకూడదు. మందు పేరు ఒకటే అయినా అందులో వేరే రసాయనాలు ఉంటాయి, మింగితే ప్రమాదం. నొప్పి బిళ్ల నూరి చిగురు మీద పెడితే చిగురు కాలుతుంది. లవంగ నూనె నొప్పిని కాసేపు మరిపిస్తుంది గానీ పుచ్చును ఆపదు, పసిపిల్లల నోట్లో అది మంట పుట్టిస్తుంది. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చి వేస్తే వాపు తగ్గినట్టు కనిపిస్తుంది. గుంత అలాగే ఉంటుంది, మళ్లీ వస్తుంది.

మిస్వాక్ సున్నత్. పండ్లు శుభ్రపరచడంలో దాని మేలు కాదనలేనిది. అయితే ఇప్పటికే పడిన గుంతను మిస్వాక్ గానీ, వేపపుల్ల గానీ పూడ్చలేవు. చిన్నపిల్లలకు రోజూ రెండుసార్లు, ముఖ్యంగా పడుకునే ముందు, సుమారు 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో పెద్దవాళ్లే తోమాలి. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత పేస్టు చాలు.

ఇక్కడ కొందరికి ఫ్లోరోసిస్ భయం ఉంది. అది అకారణమేమీ కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. కానీ అది ఏళ్ల తరబడి తాగిన బోరునీళ్ల వల్ల వచ్చింది. బియ్యపు గింజంత పేస్టుతో వచ్చే సమస్య కాదు. బోరునీళ్లు తాగే ఊళ్లలో నీటిని పరీక్ష చేయించి, పేస్టు విషయం డాక్టరుతో మాట్లాడితే సరిపోతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలను పరీక్షించే ఏర్పాటు ఉంది. చూసే జబ్బుల జాబితాలో పిప్పిపండ్లు కూడా ఉన్నాయి. టీమ్ బడికి వచ్చిన రోజు పిల్లలను మానిపించకూడదు. టీమ్ రాసిన చీటీ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ప్రైవేటు స్కూళ్లలో, మక్తబ్‌లలో చదివే పిల్లల విషయంలో తల్లిదండ్రులే నెలకోసారి సెల్‌ఫోన్ లైటు వేసి నోరు చూడాలి. చిగురు అంచున సున్నపు తెలుపు గీత కనిపిస్తే అదే పుచ్చుకు మొదటి గుర్తు. ఆ దశలో సిమెంటు కూడా అక్కర్లేదు, ఫ్లోరైడ్ పూతతో ఆపవచ్చు.

తిరుపతిలో సీకేఎస్ తేజ దంత వైద్య కళాశాల, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గర. కాలేజీ ఆసుపత్రుల్లో సమయం కాస్త ఎక్కువ పట్టినా ఖర్చు సాధారణంగా తక్కువ. పిల్లల దంత నిపుణులు కూడా అక్కడే దొరుకుతారు. మన దేశంలో మొదటి దంత వైద్య కళాశాలను 1920లో కలకత్తాలో పెట్టింది డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. అమెరికాలో చదివి వచ్చి, న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే దుకాణం నడిపి, ఆ డబ్బుతో కాలేజీ నిలబెట్టారు. 1964లో పద్మభూషణ్ అందుకున్నారు. తీపి అమ్మిన డబ్బు పండ్లు కాపాడటానికి వెళ్లిందన్నమాట.

చివరికి మిగిలేది రాత్రి సీసా

చిత్తూరు బెల్లానికి పేరున్న ఊరు. "చక్కెర కాదు, బెల్లమే కదా" అని పాలలో కలిపి సీసా నోట్లో పెట్టి పడుకోబెట్టే ఇళ్లు ఎన్నో. పంటిమీది బ్యాక్టీరియాకు చక్కెర, బెల్లం, తేనె అన్నీ ఒకటే. నిద్రలో ఉమ్మి తక్కువగా ఊరుతుంది, తీపి పాలు పండ్లను అంటుకునే ఉంటాయి. ముందుపండ్లు వరసగా అరిగిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. పాలపీకను తేనెలో ముంచి ఇవ్వడం ఇంకా చెడ్డది. ఏడాది నిండని బిడ్డకు అసలు తేనే ఇవ్వకూడదు.

సీసాను ఏడాది దాటాక మెల్లగా మానిపించి గ్లాసు అలవాటు చేయాలి. బడిలో చిక్కీ తిన్నాక నీళ్లు పుక్కిలించమని చెప్పాలి. రాత్రి తోమిన తర్వాత నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకూడదు. ఆరేళ్లకు దవడ చివర ఏ పన్నూ ఊడకుండానే కొత్తగా వచ్చే పన్ను పాలపన్ను కాదు, జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాన్ని "ఊడిపోయేదే" అనుకుని పోగొట్టుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి.

డాక్టరు గుంతను మందుతో కడగడం ఒక నిమిషం పని, చేస్తే మంచిదే. గట్టిగా మూయడం అంతకంటే ముఖ్యం. ఆ మూత కింద క్రిములు ఆకలితో పడి ఉండాలా, పక్కన కొత్త గుంత తవ్వుకోవాలా అన్నది మాత్రం రోజూ రాత్రి ఇంట్లోనే తేలుతుంది.